మా సంఘం డబ్బు ఏ సేవాసంస్థకి ఇవ్వాలి? ఏటా ఇదే తర్జనభర్జన, మీ అనుభవం చెప్పండి

గోరింటపూలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది అరవై రెండు మంది ఉన్న చిన్న సంఘం. పొద్దున్నే కలిసి నడిచేవాళ్ళం, ఏడేళ్ళ కిందట నెలకి కొంత చొప్పున వేసుకోవడం మొదలుపెట్టాం. ఏడాది చివర ఆ మొత్తాన్ని చుట్టుపక్కల సేవాసంస్థలకి ఇస్తాం. రెండేళ్ళుగా కార్యదర్శి పని నాది.

పోయినేడు సమావేశంలో ఒక్కొక్కరు ఒక్కో సంస్థ పేరు చెప్పారు. ఎవరి మాటా తీసెయ్యలేక పదకొండు పేర్లూ రాసుకుని సమానంగా పంచేశాం. మూడు నెలలు పోయాక అందరికీ ఫోన్ చేసి, మేమిచ్చింది ఎలా ఉపయోగపడిందని అడిగాను. ఒకావిడ చాలా మర్యాదగా, "రిజిస్టర్లో ఎక్కించామమ్మా, రసీదు కూడా పంపాం" అన్నారు. అంతకుమించి చెప్పడానికేం లేదని ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది. ఇద్దరికైతే మా సంఘం పేరే గుర్తు లేదు. వాళ్ళ తప్పేం లేదు, అంత కొంచెం ఇచ్చాం మరి. అరవై రెండు మంది ఏడాది పొడుగునా వేసిన డబ్బు పదకొండు చోట్ల చుక్క చుక్కగా ఇంకిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి అలా జరగనివ్వకూడదని ఉంది. ఎన్ని సంస్థలు తీసుకోవాలి? లెక్కలు అడగొచ్చా, అడిగితే నొచ్చుకుంటారా? ఓటు పెట్టాలా, కమిటీ వెయ్యాలా? ఇలాంటిది చేసినవాళ్ళుంటే దయచేసి వివరంగా రాయండి.

నిదానం

గోరింటపూలు గారూ, మొదటి చిక్కు మీరు రాసిన దాంట్లోనే ఉంది. సంస్థల పేర్లతో మొదలుపెడితే, పేరు చెప్పిన మనిషి పరువు కూడా దాంతోపాటే బల్ల మీదకి వస్తుంది. ఇక ఆ పేరు తీసెయ్యడం ఎవరి తరం కాదు.

మేం పేర్లు చివర్లో మాట్లాడతాం. మొదటి సమావేశం అంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: మన చుట్టూ ఉన్న కష్టాల్లో మనలాంటి చిన్న సంఘం పూనుకుంటే తేడా పడేది ఏది? మంచాన పడ్డ ముసలివాళ్ళా, పరీక్షలో చెబుతుంటే రాసిపెట్టేవాళ్ళు దొరకని చూపులేని పిల్లలా, ఇల్లు విడిచి వచ్చేసిన ఆడవాళ్ళా, వీధి కుక్కలకి రేబిస్ టీకాలా. రెండో సమావేశంలో ఆ పని చేసేవాళ్ళెవరో వెతుకుతాం. పేరు వచ్చినప్పుడల్లా ఒకటి అడుగుతాం, "మన డబ్బు రాకపోతే వీళ్ళ పనిలో ఏదైనా ఆగుతుందా?" అని. ఆగదు అంటే, అది ఎంత గొప్ప సంస్థయినా మనకి కాదు. అందరూ వెళ్ళే చోటికి మనమూ వెళ్ళక్కర్లేదు.

లెక్కలపుస్తకం

ముప్ఫై ఏళ్ళు ఆడిట్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. లెక్కలు తప్పకుండా అడగండి. నొచ్చుకునేవాళ్ళకి ఇవ్వకండి, తగువు లేదు. మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు తెప్పించి ముందు ఒకటే చూడండి: వచ్చిన డబ్బులో ఆఫీసు ఖర్చులకీ జీతాలకీ ఎంత పోతోంది? నూటికి పది దాటితే పక్కన పెట్టెయ్యండి. జనం చెమటోడ్చి ఇచ్చిన సొమ్ము అవసరంలో ఉన్నవాడికి చేరాలి గానీ ఆఫీసు కుర్చీలకి కాదు. ఇది కఠినంగా అనిపించొచ్చు, కానీ నా అనుభవంలో ఇంతకంటే తేలికైన జల్లెడ లేదు.

పడమటిగాలి

లెక్కలపుస్తకం గారూ, పెద్దవారు, గౌరవంతోనే మీ మాట కాదంటున్నాను. నేను పుచ్చుకునే వైపు మనిషిని. వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో పన్నెండేళ్ళు పనిచేశాను.

మా స్టోర్ గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. తలుపు తీస్తే సీలు విప్పని వినికిడి యంత్రాల డబ్బాలు, ముప్ఫై దాకా. అన్నీ మంచి మనసుతో ఇచ్చినవే. పక్క గదిలో పిల్లలు మాత్రం చెవికి ఏమీ లేకుండా కూర్చునేవాళ్ళు. ఎందుకో చెబుతాను. లోపం ఎక్కువగా ఉన్న పిల్లలకి చెవి వెనక పెట్టే పెద్ద యంత్రం కావాలి, దానికి 675 సైజు బ్యాటరీ పడుతుంది. వెనకాల నీలం స్టిక్కర్ ఉంటుంది. అది గాలితో పనిచేసే జింక్ బ్యాటరీ. స్టిక్కర్ పీకిన దగ్గర్నుంచి యంత్రం ఆపి పెట్టినా సరే తరిగిపోతూనే ఉంటుంది. మా దగ్గర రెండు వారాలకోసారి మార్చాల్సి వచ్చేది. రెండు చెవులకీ లెక్కేసుకోండి, బడి మొత్తానికి లెక్కేసుకోండి. పైగా పిల్లల చెవి పెరుగుతుంది. చెవిలో పెట్టే మోల్డ్ వదులైతే యంత్రం కీచుమని కూస్తుంది, పిల్లాడు విసుగొచ్చి పీకి జేబులో పడేస్తాడు. చిన్నపిల్లలకి కొన్ని నెలలకోసారి మళ్ళీ కొలత తీసి కొత్తది చేయించాలి. ఆ కొలత తీసేది ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలు. ఆవిడకి జీతం ఇవ్వాలి.

యంత్రం కొనిస్తామని ఏటా ముగ్గురు నలుగురు వచ్చేవాళ్ళు. బ్యాటరీలు ఇస్తామని నేనున్న పన్నెండేళ్ళలో వచ్చింది ఇద్దరు. ఆడియాలజిస్టు జీతం ఇస్తామని ఒక్కరూ రాలేదు, ఎందుకంటే లెక్కల్లో అది "జీతాలు" కింద పడుతుంది, నూటికి పది దాటిపోతుంది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. అమెరికాలో సేవాసంస్థల సమాచారం దాతలకి అందించే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే మూడు సంస్థల పెద్దలు 2013లో దాతలందరికీ బహిరంగ లేఖ రాశారు. పాలనా ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థ మంచిచెడ్డలు తేల్చకండి అని దాని సారాంశం. మార్కులేసేటప్పుడు ఆ శాతానికి ఎంతో విలువిచ్చిన చారిటీ నావిగేటరే అందులో సంతకం పెట్టింది. దాత తక్కువ శాతం అడుగుతాడు, సంస్థ ఎలాగోలా తక్కువ చేసి చూపిస్తుంది, మరుసటేడు దాత ఇంకా తక్కువ ఆశిస్తాడు. అలా సంస్థ లోపల్లోపల ఎండిపోతుంది. పాడైన కంప్యూటరూ, మానేసిన గుమాస్తా, ఏళ్ళుగా పెరగని జీతాలూ ఆడిట్ రిపోర్టులో కనబడవు.

లెక్కలపుస్తకం

పడమటిగాలి గారూ, మీ బీరువా సంగతి రెండుసార్లు చదివాను. నిన్నంతా అదే మనసులో తిరిగింది. పది శాతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆడియాలజిస్టు జీతాన్ని ఆఫీసు ఖర్చుగా చూడటం నా వంటి వాళ్ళు చేసిన పొరపాటే.

అయితే లెక్కలు చూడ్డం మాత్రం మానకండి, చూసే తీరు మార్చండి. మూడేళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒక్క ఏడాదిది చూస్తే ఏమీ తెలియదు. ఆడిటర్ సంతకం పైన ఏమైనా అభ్యంతరం రాశాడేమో చదవండి, చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు. పాలకవర్గంలో అందరూ ఒకే ఇంటివాళ్ళయితే, లేదా సంస్థ కట్టే అద్దె పాలకవర్గంలోని మనిషికే వెళుతుంటే, ఆ అద్దె ఎవరు నిర్ణయించారో అడగండి. అది దొంగతనమని కాదు, కానీ అడగాల్సిన ప్రశ్న. ఇక నిల్వ. మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు చేతిలో ఉంటే అది జాగ్రత్త. నాలుగేళ్ళకి సరిపడా ఉందంటే, మీ డబ్బు వాళ్ళకి అంత అవసరం లేదన్నమాట. బొత్తిగా ఏమీ లేదంటే మాత్రం తోసెయ్యకండి. ఎందుకు లేదో కనుక్కోండి.

ఇంకొకటి కూడా గమనించేవాణ్ణి. పుస్తకం అడగ్గానే తెచ్చి ముందు పెట్టినవాళ్ళ లెక్కలు చిందరవందరగా ఉన్నా మనిషి మీద నమ్మకం కుదిరేది. "వచ్చే వారం పంపుతాం" అని మూడుసార్లు అన్నవాళ్ళ దగ్గర సాధారణంగా ఏదో ఒకటి ఉండేది.

కొత్తచిగురు

నాదొక ప్రశ్న. మా గ్రూపులో ఒకన్నయ్య నెలకోసారి ఎవరో ఒక పాప వీడియో పెడతారు. చూస్తే ఏడుపొస్తుంది. గంటలో అందరం డబ్బు పంపేస్తాం. ఏడాది చివర సంస్థకి ఇవ్వడానికి పెద్దగా మిగలదు. ఆ పాపకి ఇవ్వడం తప్పెలా అవుతుంది? కానీ ఏదో సరిగ్గా లేదనిపిస్తోంది, అదేంటో చెప్పలేకపోతున్నాను.

ఒకటోమెట్టు

తప్పు కాదు తల్లీ. మనసు అలాగే పనిచేస్తుంది. దీని మీద పరిశోధనలే జరిగాయి. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు 2007లో ప్రచురించిన దాంట్లో, కొందరికి ఒక్క పాప కథ చెప్పి విరాళం అడిగారు, కొందరికి లక్షల మంది అవస్థ గురించి అంకెలు మాత్రమే ఇచ్చారు. పాప కథ విన్నవాళ్ళే ఎక్కువిచ్చారు. అది ఊహించగలిగిందే. మూడో గుంపుకి పాప కథా, అంకెలూ రెండూ ఇచ్చారు. వాళ్ళు పాప కథ ఒక్కటే విన్నవాళ్ళకంటే తక్కువిచ్చారు. ఇదే పాపలాంటి వాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారని తెలియగానే చెయ్యి బిగుసుకుంది.

అందుకని మా గ్రూపులో డబ్బు రెండు భాగాలు చేశాం. ఐదోవంతు ఇలాంటి అత్యవసరాలకి ఉంచాం. ముగ్గురు ఫోన్లోనే మాట్లాడుకుని ఆసుపత్రి కాగితాలు చూసి ఇచ్చేస్తారు. మిగతాది వీడియోలతో సంబంధం లేకుండా, ముందే అనుకున్న సంస్థకే. అలాంటి పాపలకి అవసరమైన ఆపరేషన్లు ఏటా చేయించే సంస్థ ఏదైనా ఉంటే దానికి నిలకడగా ఇస్తే, వీడియో తీసేవాళ్ళు లేని పిల్లలకి కూడా అందుతుంది.

చెరువుగట్టు

నేను మీ అందరితో విభేదిస్తాను. డబ్బు ఇవ్వనే వద్దు. వస్తువులే ఇవ్వండి. దుప్పట్లు, మందులు, పుస్తకాలు, చక్రాల కుర్చీలు. చేతికిచ్చింది కళ్ళకి కనబడుతుంది. మేం ఒకప్పుడు ఒక సంస్థకి మూడేళ్ళు వరసగా డబ్బిచ్చాం. నాలుగో ఏడు వెళితే తాళం. ఎవరినడిగినా సమాధానం లేదు. మా సంఘంలో ఒక పెద్దాయన తన పింఛనులోంచి వేసేవారు. ఆయన మొహం చూడలేక నేను ఆ పదవి వదిలేశాను. ఆ రోజునుంచి డబ్బు రూపంలో ఒక్క పైసా ఇవ్వనివ్వలేదు.

పడమటిగాలి

చెరువుగట్టు గారూ, ఆ పెద్దాయన గురించి చదివి బాధేసింది. మీ కోపం న్యాయమైనదే.

కానీ వస్తువు కంటికి కనబడినంత మాత్రాన వాడకంలోకి వస్తుందని లేదు. మా బీరువా సంగతి చెప్పాను కదా. పెద్ద ఎత్తున ఏమవుతుందో చూడండి. 1988 డిసెంబరులో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ 5,000 టన్నుల మందులూ వైద్య సామగ్రీ వచ్చిపడ్డాయి. ఏమేం వచ్చాయో తేల్చుకోవడానికే యాభై మందికి ఆరు నెలలు పట్టింది. నూటికి 8 వంతులు వచ్చేనాటికే గడువు దాటినవి, 4 వంతులు మంచుకి పాడైనవి. మిగిలిన వాటిలో చూడగానే ఏ మందో పోల్చుకోగలిగినవి 30 శాతమే. పేర్లు రకరకాల భాషల్లో ఉన్నాయి మరి. ఇలాంటివి పదేపదే జరిగాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల విరాళాలకి నియమాలు రాసింది. పుచ్చుకునేవాళ్ళు అడిగినవే పంపాలి, చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలి, పేరు అక్కడివాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆ మొదటి నియమం ఒక్కటి మనం పెట్టుకున్నా చాలు. ముందు అడగడం.

అడిగే పద్ధతి కూడా ఉంటుందండీ. "మీకేం కావాలి?" అంటే మేం మీ మొహం చూసి, మీరు ఇవ్వగలిగేదే చెబుతాం. "ఎవ్వరూ ఇవ్వనిది ఏమిటి?" అని అడిగి చూడండి.

చెరువుగట్టు

చివరి మాట బాగుంది. అలా ఎప్పుడూ అడగలేదు. వస్తువులే ఇవ్వాలన్న పట్టు కొంచెం సడలించుకుంటాను. కానీ ఒక్కసారే మొత్తం చేతిలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. మూడు నెలలకోసారి ఇస్తూ, ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి పలకరించి రావడం మంచిది. ఆ మూసేసిన సంస్థకి మేం మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే గోడలు చూసినా తెలిసేది.

రెండంకెలు

ఓటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, లెక్కలు చెప్పేవాణ్ణి కనుక ఇది నా పని అనుకుంటాను.

తొమ్మిది పేర్లు పెట్టి తలా ఒక ఓటు వెయ్యమంటే, అరవై మందిలో పద్నాలుగు ఓట్లొచ్చింది గెలుస్తుంది. మిగతా నలభై ఆరుగురిలో ఎంతమందికి అది బొత్తిగా ఇష్టం లేదో ఆ ఓటులో తెలియదు. ఏడాదంతా సణుగుడు అక్కడే మొదలవుతుంది.

పోనీ జతలు జతలుగా పెట్టి తేలుద్దామంటే అదీ కొన్నిసార్లు కుదరదు. అ, ఆ, ఇ అని మూడు సంస్థలనుకోండి. ఇరవై మందికి వరసగా అ, ఆ, ఇ ఇష్టం. ఇంకో ఇరవై మందికి ఆ, ఇ, అ. మిగతా ఇరవై మందికి ఇ, అ, ఆ. ఇప్పుడు అ, ఆ రెంటినీ పోటీ పెడితే అ నలభై ఓట్లతో గెలుస్తుంది. ఆ, ఇ పెడితే ఆ నలభైతో గెలుస్తుంది. అయితే అన్నిటికంటే అ గొప్పదా? ఇ, అ పెట్టి చూడండి, ఇ నలభైతో గెలుస్తుంది! ఎవరి మనసులోనూ తికమక లేదు, అందరినీ కలిపితే మాత్రం చక్రంలా తిరుగుతోంది. దీన్ని ఫ్రాన్సులో కొండోర్సే అనే గణితవేత్త 1785లోనే రాసిపెట్టాడు. మూడు, అంతకంటే ఎక్కువ ఎంపికలుంటే ఇష్టాల వరసలన్నిటినీ అన్ని విధాలా న్యాయంగా కలిపే పద్ధతి ఉండదని కెనెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1951లో నిరూపించాడు. కాబట్టి మీ సమావేశంలో తగువొస్తే మీ మనుషులు మంచివాళ్ళు కాదని అనుకోకండి.

చిన్న సంఘానికి నేను చెప్పేది: ఓటుకి పరిమితి తీసెయ్యండి. కాగితం మీద అన్ని పేర్లూ రాసి, "మన డబ్బు దీనికి వెళితే నాకు సంతోషమే" అనుకున్న ప్రతిదానికీ టిక్కు పెట్టమనండి. ఎన్నైనా పెట్టొచ్చు. ఎక్కువ టిక్కులొచ్చిన రెండో మూడో తీసుకోండి. కొద్దిమంది పిచ్చిగా ప్రేమించేది కాకుండా ఎక్కువమందికి సమ్మతమైంది వస్తుంది. బ్రామ్స్, ఫిష్‌బర్న్ అనే ఇద్దరు 1978లో దీన్ని బాగా విశ్లేషించారు. ఓటు మాత్రం గుప్తంగా ఉండాలి. చెయ్యెత్తమంటే పక్కవాళ్ళ మొహాలు చూసి ఎత్తుతారు.

గోరింటపూలు

ఇంత శ్రద్ధగా రాస్తున్నారు, అందరికీ చేతులెత్తి నమస్కారం. టిక్కుల పద్ధతి మా వాళ్ళకి చెప్పాను, నచ్చింది.

ఒక ఇబ్బంది. మా కోశాధికారి గారి తోడికోడలు ఒక వృద్ధాశ్రమం నడుపుతున్నారు. నిజంగా మంచి ఆశ్రమం, నేను చూశాను. ఇస్తే మా ఇంటివాళ్ళకే ఇచ్చుకున్నామంటారు. ఇవ్వకపోతే ఆవిడ నొచ్చుకుంటారు. మనుషుల మధ్య మాట పట్టింపు తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

నిదానం

బంధుత్వం ఉండటం తప్పు కాదండీ, దాస్తే తప్పు. సమావేశం మొదట్లోనే కోశాధికారి గారే లేచి, "ఆ ఆశ్రమం మా తోడికోడలిది" అని అందరి ముందూ చెప్పాలి. సందేహాలుంటే జవాబిచ్చి, ఆ సంస్థ గురించి చర్చించేటప్పుడూ టిక్కులు పెట్టేటప్పుడూ గది బయట కూర్చోవాలి. పుస్తకంలో ఆ విషయం రాయండి: ఫలానావారు బయటికి వెళ్ళారు, మళ్ళీ ఎప్పుడు వచ్చారు. ఇదంతా ముందే నియమంగా రాసుకుంటే ఆవిడని ఎవరూ అనుమానించినట్టుండదు. రేపు మీకే అలాంటి పరిస్థితి వస్తే మీరూ లేచి వెళతారు. ఆవిడ గౌరవం కూడా అలాగే నిలుస్తుంది. మా దగ్గర మొదటిసారి లేచి వెళ్ళింది అధ్యక్షుడే. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

పాతపెట్టె

ఎన్ని సంస్థలన్న మాటకి నా సలహా: రెండో మూడో, మించి వద్దు. కానీ ఒక్కో దానికి కనీసం మూడేళ్ళు ఇస్తామని ముందే మాటివ్వండి. వచ్చే ఏడాది వస్తుందని తెలిసిన చిన్న మొత్తం, వస్తుందో రాదో తెలియని పెద్ద మొత్తం కంటే ఎక్కువ పనికొస్తుంది. మనిషిని పనిలోకి తీసుకోవాలంటే సంస్థకి ఆ నమ్మకం కావాలి. మానుకోదలిస్తే ఏడాది ముందు చెప్పండి.

షరతుల విషయంలో మాత్రం చెయ్యి వదులు చేసుకోండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1790లో చనిపోతూ బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకి చెరో వెయ్యి పౌన్లు రాశాడు. వృత్తిపని నేర్చుకుని పెళ్ళి చేసుకున్న కుర్రాళ్ళకి, సొంత పని మొదలుపెట్టడానికి, ఐదు శాతం వడ్డీకి అప్పులివ్వాలని షరతు. రెండు వందల ఏళ్ళ పాటు నడవాలని కూడా రాశాడు. ఆలోచన ఎంత మంచిదో చూడండి. తను కూడా అలా పైకొచ్చినవాడే. కానీ కార్ఖానాలొచ్చాక యజమాని దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చుకునే పద్ధతే పోయింది, షరతుకి సరిపోయే కుర్రాళ్ళు దొరకడం కష్టమైపోయింది. అంత తెలివైనవాడే రేపటి అవసరం ఊహించలేకపోయాడు. "ఇది పుస్తకాలకే వాడాలి" అని మనం రాసే ఒక్క వాక్యం కూడా ఆరు నెలల్లో సంస్థ చేతులు కట్టెయ్యొచ్చు. మనిషిని నమ్మి సంస్థని ఎంచుకున్నాక ఖర్చు వాళ్ళకి వదిలెయ్యడమే మేలు.

పడమటిగాలి

పాతపెట్టె గారికి దండం. పుచ్చుకునే వైపు నుంచి ఇంకో మూడు మాటలు చెప్పి ఊరుకుంటాను.

దరఖాస్తు ఫారం పెట్టకండి, దయచేసి. మీరిచ్చేది చిన్న మొత్తం. దానికోసం పన్నెండు పేజీలు నింపమంటే ఒక టీచరు రెండు రోజులు క్లాసు వదిలి కూర్చోవాలి. వేరే దాతకి ఇప్పటికే రాసిన కాగితం ఉంటే అదే ఇమ్మనండి, మిగతాది ఫోన్లో అడగండి.

చూడ్డానికి వెళితే ఇద్దరే వెళ్ళండి, ముందు చెప్పి, మామూలు పనిరోజున. అరవై మంది బస్సులో వస్తే ఆ రోజు పాఠం ఉండదు. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫోటో అడగకండి. మా బడిలో ఒక తొమ్మిదేళ్ళ పాప, కెమెరా కనబడగానే ఎవరూ చెప్పకుండానే చెవి యంత్రం కనబడేలా జుట్టు వెనక్కి తోసుకుని నిలబడేది. ఎన్నిసార్లు నిలబెట్టి ఉంటామో మీరే ఆలోచించండి. నాకు ఇప్పటికీ ఆ పాపకి క్షమాపణ చెప్పుకోవాలని ఉంటుంది.

ఎంచుకోని సంస్థలకి కూడా వారంలోపు కబురు చెప్పండి. నిజమైన కారణంతో. "ఈ ఏడాది మేం మంచాన పడ్డవాళ్ళ కోసం పనిచేసేవాళ్ళనే తీసుకున్నాం" అంటే ఎవరూ బాధపడరు. ఏ కబురూ లేకుండా ఎదురుచూడటమే కష్టం.

గోరింటపూలు

ఏడు వారాలైంది. ఏం జరిగిందో మీ అందరికీ చెప్పాలి కదా.

మొదటి సమావేశంలో పేర్లు మాట్లాడనివ్వలేదు. అరగంట ఇబ్బందిగానే గడిచింది. తర్వాత ఒకాయన, తన తల్లి చివరి నాలుగు నెలలూ ఇంట్లో నొప్పితో ఎలా గడిపిందో చెప్పారు. ఏడేళ్ళుగా పక్కపక్కన నడుస్తున్నాం, ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళ గురించే చెప్పారు. ఏ కష్టానికి పూనుకోవాలో అక్కడే తేలిపోయింది.

తొమ్మిది పేర్లొచ్చాయి. "మన డబ్బు రాకపోతే ఏం ఆగుతుంది" అన్న ప్రశ్నకి ఐదు నిలిచాయి. వృద్ధాశ్రమం చర్చకొచ్చినప్పుడు కోశాధికారి గారు తనే లేచి బయటికి వెళ్ళారు. పుస్తకంలో రాశాం. ఇద్దరిద్దరం వెళ్ళి ఐదూ చూశాం. టిక్కులు లెక్కపెడితే మూడు పైకొచ్చాయి, అందులో ఆ వృద్ధాశ్రమం ఒకటి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఐదోవంతు అత్యవసరాలకి ఉంచాం. మిగిలిన ఇద్దరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను.

మూడింట్లో ఎక్కువ టిక్కులొచ్చింది ఇళ్ళకి వెళ్ళి పాలియేటివ్ కేర్ చేసే చిన్న బృందానికి. ఇద్దరు నర్సులు, వారానికి రెండు రోజులొచ్చే డాక్టరు. జబ్బు నయం కాదని తేలినవాళ్ళకి నొప్పి తగ్గించడం, పుళ్ళు కడగడం, ఇంట్లోవాళ్ళకి ఎలా చూసుకోవాలో నేర్పడం వాళ్ళ పని. లెక్కలు అడిగితే పెద్ద నర్సమ్మ మూడేళ్ళ కాగితాలూ అప్పటికప్పుడు తెచ్చి ముందు పెట్టింది. పడమటిగాలి గారు చెప్పినట్టే, "ఎవ్వరూ ఇవ్వనిది ఏమిటమ్మా?" అని అడిగాను. ఆవిడ ఏమీ చెప్పకుండా ఒక పొడుగాటి రిజిస్టర్ తెచ్చి తెరిచింది. పేరు, వెళ్ళాల్సిన రోజు, వెళ్ళిన రోజు, వెళ్ళకపోతే కారణం. కారణం గడిలో పేజీ తర్వాత పేజీ "బండి లేదు", "బండి లేదు". అన్నీ బుధవారాలే. బండి వాళ్ళదే, డ్రైవర్ వేరే చోట కూడా పనిచేస్తాడు, బుధవారం రాలేడు. పూర్తిగా వాళ్ళ దగ్గరే ఉంచుకోవడానికి జీతం చాలదు. మంచాలిచ్చారు, చక్రాల కుర్చీలిచ్చారు, బండి కూడా ఎవరో ఇచ్చారు. డ్రైవర్ జీతం ఎవరూ ఇవ్వరట.

నొప్పి మందు గడియారం ప్రకారం పడాలని ఆవిడ వివరించింది. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకముందే, ఇన్ని గంటలకోసారి అని. బుధవారం వెళ్ళాల్సింది గురువారం వెళితే, మధ్యలో ఇంట్లో మందు అయిపోయిన వాళ్ళుంటారు. అలాంటి గడుల పక్కన ఆవిడ ఎర్ర పెన్నుతో చిన్న చుక్క పెట్టుకుంది. నేను చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

మొన్న సమావేశం అవగానే ఆవిడకి ఫోన్ చేశాను. డ్రైవర్ జీతంలో తక్కువపడేది మూడేళ్ళ పాటు మేం చూసుకుంటామని, మూడు నెలలకోసారి పంపుతామని, ఏ పద్దు కింద రాసుకున్నా మాకు అభ్యంతరం లేదని చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ మెల్లగా, "అయితే ఈ బుధవారం నుంచే పెట్టుకోమంటారా అమ్మా?" అంది.